హైదరాబాదు రెసిడెన్సీ భవనం: నిర్మాణం, చరిత్ర – దత్తమండలాల దృష్టితో పునఃపఠనం

వ్యాససంగ్రహం:

హైదరాబాదులోని కోఠి ప్రాంతంలో ఉన్న బ్రిటిష్ రెసిడెన్సీ భవనం తెలుగు నేలపై ఇంగ్లీషు గ్రామీణ ప్రభువుల గృహశైలికి ప్రముఖమైన ఉదాహరణ. దీనిని ఇప్పటిదాకా ప్రధానంగా రెండు విధాలుగా చదివారు. ఒకటి యూరోపియన్ వాస్తుశైలికి అనుకరణగా, రెండవది కిర్క్‌ప్యాట్రిక్, ఖైరున్నిసాల ప్రేమకు గుర్తుగా. ఈ రెండు పఠనాలూ విడిచిపెట్టిన అంశం భూమి. ఇంగ్లండులో ప్రభువు ఇల్లు తన మాన్యం నడుమ నిలుస్తుంది. రెసిడెన్సీ చుట్టూ తోట ఉంది కానీ మాన్యం లేదు. ఈ భవనాన్ని కట్టించిన రెసిడెంటు కుదిర్చిన 1800 నాటి ఒప్పందం ద్వారానే నేటి రాయలసీమ కంపెనీకి దఖలుపడింది. ఆ ఒప్పందం పక్కన పెట్టి ఈ భవన నిర్మాణాన్నీ, దాని చుట్టూ అల్లుకున్న కథలనూ తిరిగి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: రెసిడెన్సీ, మేనర్, గడి, దత్తమండలాలు, రైత్వారీ, కోఠి, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం:

ఒక భవనాన్ని గురించి రాసేవారు సాధారణంగా దాని స్తంభాలను లెక్కిస్తారు, శైలికి పేరు పెడతారు, కట్టించినవారి జీవితాన్ని చెబుతారు. ఇవన్నీ అవసరమే. అయితే ఇల్లు అనేది కేవలం కట్టడం కాదు. అది ఎవరి చేతికింద ఏ భూమి ఉన్నదో చెప్పే పత్రం కూడా. తెలుగులో ‘ఇల్లూ వాకిలీ’, ‘ఇల్లూ భూమీ’ అనే జంటపదాలు ఊరకే పుట్టలేదు.

నంద్యాల జిల్లాలోని మిడుతూరు వంటి ఊరిలో నిలబడి చూస్తే హైదరాబాదు రెసిడెన్సీ దూరపు విషయంగా కనిపిస్తుంది. ఆ ఊరు పూర్వపు నందికొట్కూరు తాలూకాలోది, కర్నూలు నవాబు ఏలుబడిలోది. దానికి దక్షిణాన ఉన్న కోయిలకుంట్ల సీమ 1800లో నేరుగా కంపెనీ పాలనలోకి వెళ్లింది. నవాబుపై నిజాముకు ఉన్న అధికారమూ, ఆయన చెల్లించే పేష్కషూ అదే ఒప్పందంతో కంపెనీకి సంక్రమించాయి. 1839లో కంపెనీ నవాబు గులాం రసూల్‌ఖాన్‌ను పదవి నుంచి తొలగించి ఆ రాజ్యాన్ని కూడా కలుపుకుంది. బనగానపల్లె జాగీరు ఒక్కటీ వేరుగా మిగిలి, 1948 వరకు చిన్న సంస్థానంగా కొనసాగింది. అంటే ఈ ప్రాంతంలోని ఒక్కొక్క ఊరు ఎవరి కింద ఉండాలో నిర్ణయించిన ఒప్పందపు మాటలు హైదరాబాదు రెసిడెంటు చేతుల మీదుగా నడిచాయి. ఆ రెసిడెంటే కొద్ది సంవత్సరాలలో మూసీ ఒడ్డున తన ఇల్లు కట్టించాడు. ఈ రెంటినీ ఒకే పుటలో ఉంచి చదివిన పరిశీలన తెలుగులో అరుదు.

2. మేనర్ గృహం – భూమికి కట్టుబడిన ఇల్లు:

‘మేనర్’ అనే మాట మధ్యయుగ ఇంగ్లండులో మొదట ఇంటిని కాదు, ఒక ప్రభువు ఏలుబడిలోని భూభాగాన్ని సూచించింది. ఆ భూభాగానికి కేంద్రమైన ఇల్లు మేనర్ గృహం. దాని ప్రధానాంగం ఎత్తైన కప్పుతో ఉండే పెద్ద హాలు. హాలుకు ఒక కొసన ప్రభువు కూర్చునే అరుగు ఉంటుంది. రెండవ కొసన చెక్కతెర, దాని వెనుక వంటశాలకు దారి ఉంటాయి. ప్రభువు కుటుంబం ఏకాంతంగా ఉండే గది పై అంతస్తులో ఉంటుంది. భోజనాలు జరిగిన ఆ హాలులోనే కౌలు తగాదాలు తీరేవి, బాకీలు వసూలయ్యేవి. ఇల్లే కచ్చేరి. డెర్బీషైర్‌లోని హాడన్ హాల్ ఈ పాత పద్ధతిని నేటికీ చూపుతుంది.

తెలుగు పాఠకునికి దీనితో పోల్చదగినది తెలంగాణలోని దేశముఖుల గడి. ఎత్తైన ప్రాకారం, లోపల దొర నివాసం, ముంగిట పంచాయితీ, పెరట్లో ధాన్యపు కొట్లు, చుట్టూ వెట్టిచేసే ఊళ్లు. రాయలసీమలో పాళెగాళ్ల కోటలు, బురుజులు ఇదే పని చేశాయి. వాస్తుశైలిలో వీటికీ ఇంగ్లండు మేనర్‌కూ పోలిక లేదు. భూమితో ఉన్న సంబంధంలో మాత్రం దగ్గర చుట్టరికం ఉంది.

పదహారవ శతాబ్దపు ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో 1570లో ప్రచురించిన గ్రంథం ఇంగ్లండు ప్రభువుల అభిరుచిని తరువాతి కాలంలో మార్చివేసింది. పద్దెనిమిదవ శతాబ్దంలో హాలు, చెక్కతెర పోయి రోమన్ దేవాలయపు ముఖభాగం వంటి స్తంభశ్రేణి, దాని మీద త్రికోణపు నొసలు, రెండువైపులా సమానమైన రెక్కలు వచ్చాయి. అదే డెర్బీషైర్‌లోని కెడిల్‌స్టన్ హాల్ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. కర్జన్ వంశస్థులు తమ పాత ఇంటిని తీసివేసి 1759 నుంచి కొత్తది కట్టించారు. రాబర్ట్ ఆడమ్ దానికి తుదిరూపమిచ్చాడు. కొత్త ఇంటి ముందు చూపుకు అడ్డం ఉండరాదని అక్కడి గ్రామాన్నే వేరొక చోటికి తరలించారు. పాత మేనర్ తన ఊరిని ఎదుట ఉంచుకున్నది. కొత్త భవనం ఊరిని కనుమరుగు చేసింది. శిస్తు మాత్రం మునుపటిలాగే వచ్చింది. వలసపాలకులు భారతదేశానికి తెచ్చుకున్న నమూనా ఈ రెండవదే. గవర్నర్ జనరల్ వెల్లస్లీ కలకత్తాలో 1799–1803 మధ్య కట్టించిన ప్రభుత్వ భవనానికి కెడిల్‌స్టన్ ప్రణాళికే ఆధారం.

3. రెసిడెన్సీ నిర్మాణ స్వరూపం:

జేమ్స్ అకిలీస్ కిర్క్‌ప్యాట్రిక్ 1764లో మద్రాసులో జన్మించాడు. తన అన్న విలియం తరువాత హైదరాబాదులో రెసిడెంటుగా నియమితుడై 1805లో మరణించేవరకు ఆ పదవిలో ఉన్నాడు. మూసీకి ఉత్తరాన, నగరప్రాకారానికి వెలుపల, 1803లో ఈ భవన నిర్మాణం ఆరంభమైంది. మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన సామ్యూల్ రసెల్ దీని రూపకర్త. నిర్మాణవ్యయాన్ని నిజాం భరించాడు. అతిథి తన ఇంటిని ఆతిథేయుని సొమ్ముతో కట్టించుకున్న సందర్భమిది.

ఉత్తరపు ముఖభాగం ఈ భవనానికి ప్రాణం. ఆరు ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, వాటిపై త్రికోణపు నొసలు, అందులో కంపెనీ రాజచిహ్నం, దిగువన విశాలమైన సోపానపంక్తి, దానికి ఇరువైపులా రెండు సింహాలు. కెడిల్‌స్టన్ ఉత్తరముఖంలో కూడా ఆరు కొరింథియన్ స్తంభాలే ఉన్నాయి. ఇంగ్లండులో రాతితో చెక్కినదాన్ని ఇక్కడ చాలావరకు సున్నపు గచ్చుతో సాధించారు. మెరుగుపెట్టిన సున్నం పాలరాతి భ్రమను కలిగిస్తుంది. ఆ సున్నాన్ని నూరి, పూసి, నునుపుదేర్చిన చేతుల నైపుణ్యం ఈ దేశానిది. రూపకర్త పేరు చరిత్రకు ఎక్కింది. ఆ పనివారి పేర్లు ఎక్కలేదు.

లోపల రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు ఉంది. దాని చుట్టూ పై నుంచి చూడడానికి వీలైన వసారా, పెద్ద అద్దాలు, వేలాడే దీపగుచ్ఛాలు అమర్చారు. వెనుకభాగంలో ఒకటిగా మొదలై రెండుగా చీలి పైకి ఎక్కే మెట్లవరుస ఉంది. ఈ హాలును పాత మేనర్ హాలుతో పోల్చి చూడాలి. మేనర్ హాలులోకి కౌలుదారు తన తగాదాతో రాగలిగేవాడు. ఇక్కడికి రైతు రాడు. ఇక్కడికి వచ్చేది నిజాం మంత్రులు, ఉమరావులు, కంపెనీ అధికారులు. ఆకృతిలో ఇది భూస్వామి గృహం, ఆచరణలో దౌత్యపు రంగస్థలం.

రాయలసీమ గృహంతో పోలిస్తే ఈ భేదం ఇంకా స్పష్టపడుతుంది. ఆ సీమలో సామాన్యుని ఇల్లు మట్టిమిద్దె. దూలాల మీద దంతెలు పరచి, వాటిపై కట్టెలు, ఆకు వేసి, ఆపైన చవుడు కప్పుతారు. వెలుతురుకు మిద్దెలో గవాక్షి ఉంటుంది. ఆ ఇల్లు వీధికి ముఖాన్ని తక్కువగా చూపి, ఎండను తట్టుకోవడంపై దృష్టి పెడుతుంది. రెసిడెన్సీ ముఖభాగమంతా చూపడానికే ఉద్దేశించింది. అవసరం నుంచి పుట్టిన ఇల్లు ఒకటి, ప్రదర్శన నుంచి పుట్టినది మరొకటి.

4. పటం కథ – మరొక పఠనం:

ఈ భవనాన్ని గురించి జాన్ మాల్కం చెప్పిన కథ ఒకటి ప్రచారంలో ఉంది. కిర్క్‌ప్యాట్రిక్ ప్రతిపాదిత స్థలం నక్షాను చాలా పెద్ద కాగితంపై గీయించి నిజాముకు చూపించాడట. నిజాం నిరాకరించాడు. కారణం విచారిస్తే, ఆ కాగితం దాదాపు తన రాజ్యపటమంత పెద్దదిగా ఉండడమేనని తేలింది. అదే నక్షాను చిన్న చీటీపై గీయించి మళ్లీ సమర్పించగా వెంటనే ఒప్పుకున్నాడు. ఈ కథను చెప్పినవారు నిజాం అమాయకత్వానికి ఉదాహరణగా చెప్పి నవ్వించారు.

దత్తమండలాల వైపు నుంచి చదివితే ఈ కథలో నవ్వవలసినది తక్కువ. నిజాం ప్రభుత్వం 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులను వదులుకున్నది. 1788లో గుంటూరు సీమ పోయింది. 1798లో సైన్య సహకార ఒప్పందానికి లోబడి ఫ్రెంచి అధికారుల కింద ఉన్న దళాలను రద్దుచేసింది. టిప్పు సుల్తానుపై 1792, 1799 యుద్ధాలలో తన వంతుగా వచ్చిన సీమలన్నిటినీ, కంపెనీ సైన్యపు ఖర్చుకు బదులుగా 1800 అక్టోబరు 12న కంపెనీకే అప్పగించింది. మూడున్నర దశాబ్దాలలో ఒక్కొక్క కాగితం ఒక్కొక్క సీమను మింగింది. అటువంటి పాలకుడు రెసిడెంటు చేతిలోని పెద్ద కాగితాన్ని చూసి వెనుకాడితే దానిని అమాయకత్వమనడం న్యాయం కాదు, అది అనుభవం. కాగితం చిన్నదైనంత మాత్రాన స్థలం చిన్నది కాలేదన్నదే ఈ కథలోని అసలు వ్యంగ్యం. కథ నిజంగా జరిగిందా అన్నది వేరు విషయం. దానిని ఎవరు ఎవరిని చూసి నవ్వడానికి చెప్పారన్నది విమర్శకు ముఖ్యం.

5. గుడారమూ, గొలుసూ:

రెసిడెన్సీ గోడలు లేస్తున్న కాలంలోనే దత్తమండలాలలో వేరొక పని జరుగుతున్నది. ప్రధాన కలెక్టరుగా 1800లో వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఆ సీమను ఎక్కువగా గుడారాలలో నివసిస్తూ తిరిగాడు. పొలాలను గొలుసులతో కొలిపించి, ఒక్కొక్క రైతు పేర శిస్తు నిర్ణయించాడు. రైత్వారీ విధానం అక్కడ రూపుదిద్దుకున్నది. దాదాపు 80 మంది పాళెగాళ్ల అధికారాన్ని తొలగించి, కొందరికి భరణాలు ఏర్పరచాడు. మన్రో పట్ల జనంలో ఆదరమూ మిగిలింది. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. 1827లో గవర్నరు హోదాలో పర్యటిస్తూ ఆయన పత్తికొండలో కలరాతో మరణించాడు.

ఈ రెండు దృశ్యాలను కలిపి చూడడం అవసరం. ఇంగ్లండులో ప్రభువు ఇల్లు, కొలత, వసూలు ఒకేచోట ఉండేవి. కంపెనీ పాలనలో అవి విడిపోయాయి. స్తంభాల వైభవం మూసీ ఒడ్డున, కొలతగొలుసు కుందూ, పెన్న తీరాలలో. రెసిడెన్సీ నిర్మాణానికి దత్తమండలాల శిస్తు నేరుగా ఖర్చయిందని ఈ వాదనకు అర్థం కాదు. ఒకే ఒప్పందం భవనానికి అవసరమైన ఆధిపత్యాన్నీ, గొలుసుకు అవసరమైన భూమినీ సమకూర్చిందన్నదే ఇందులోని విషయం. స్తంభాలను మాత్రమే చూసినవారికి గొలుసు కనిపించదు. గుడారంలోని నిరాడంబరతను మాత్రమే చూసినవారికి అది ఎవరి కోసం కొలిచిందో కనిపించదు.

దాని ఫలితం నాలుగు దశాబ్దాల తరువాత కోయిలకుంట్ల సీమలో తేలింది. నొస్సం పాళెగాళ్ల వంశానికి సంబంధించిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి నెలకు వచ్చిన భరణం 11 రూపాయల 10 అణాల 8 పైసలు. 1846లో ఆయన తిరుగుబాటు చేసి కోయిలకుంట్ల ఖజానాపై దాడిచేశాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఇల్లు, కోట, భూమి మీది హక్కు పోయి భరణపు అంకె మాత్రమే మిగిలినవారి కథ అది. రెసిడెన్సీ చరిత్ర రాసేటప్పుడు ఆ అంకె కూడా పక్కన ఉండాలి.

6. ప్రేమగాథగా పఠనం – దాని బలం, పరిమితి:

విలియం డాల్రింపుల్ ‘వైట్ మొగల్స్’ 2002లో వెలువడిన తరువాత ఈ భవనం ప్రపంచ పాఠకులకు ఒక ప్రేమకథ జరిగిన చోటుగా పరిచయమైంది. కిర్క్‌ప్యాట్రిక్ హైదరాబాదు ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నిసాను వివాహమాడాడు. ఇద్దరు పిల్లలు కలిగారు. పిల్లలను 1805లో ఇంగ్లండుకు పంపించారు. అదే ఏడాది కిర్క్‌ప్యాట్రిక్ కలకత్తాలో కన్నుమూశాడు. తల్లి బిడ్డలను మళ్లీ చూడలేదు. ఆ గ్రంథం వలసపాలకులనూ పాలితులనూ రెండు గోడలుగా చూసే అలవాటును సడలించింది. వెల్లస్లీ దూకుడు పట్ల కిర్క్‌ప్యాట్రిక్‌లో క్రమంగా కలిగిన అసంతృప్తిని కూడా చూపించింది. ఇది దాని బలం.

భవనంలో ఆ కథకు రెండు ఆనవాళ్లున్నాయి. ఒకటి బేగం కోసం కట్టిన రంగమహల్. అది పందొమ్మిదవ శతాబ్దంలోనే కూల్చివేతకు గురై, ద్వారపు భాగాలు మాత్రం మిగిలాయి. రెండవది తోటలోని చిన్న నమూనా భవనం. పరదాలో ఉన్న బేగం ముందువైపునకు వచ్చి ఇంటిని చూడలేదు కనుక ఆమె చూడడానికి దీనిని కట్టించారని చెప్పుకుంటారు. ఈ ఐతిహ్యాన్ని ప్రేమకు గుర్తుగా చెప్పడం పరిపాటి. కానీ ఆ ఇంటి ముఖభాగం ఆ ఇంటి ఇల్లాలికే నిషిద్ధమన్న సంగతిని కూడా అదే ఐతిహ్యం చెబుతున్నది. ఆమె భాగానికి వచ్చింది ఇల్లు కాదు, ఇంటి బొమ్మ. రంగమహల్ కూలి, దర్బారు హాలు నిలవడం యాదృచ్ఛికం కాదు. తరువాతి తరం పాలకులకు స్తంభాలు గర్వకారణం, జనానా ఇబ్బందికరం.

ప్రేమగాథ పఠనానికి పరిమితి కూడా ఇక్కడే ఉంది. ఇద్దరు వ్యక్తుల మధ్య సామరస్యాన్ని రెండు రాజ్యాల మధ్య సంబంధానికి ప్రతీకగా విస్తరింపజేసినప్పుడు, అప్పగింతకు గురైన మూడవ పక్షం కనిపించకుండా పోతుంది. ఇచ్చినవాడు నిజాం, పుచ్చుకున్నది కంపెనీ. దత్తమైన మండలాల ప్రజలను ఎవరూ అడగలేదు. బనగానపల్లె సమీపంలోని నవాబు బంగళాకు కూడా ఇటువంటి స్థితే కలిగింది. 2009లో వచ్చిన ‘అరుంధతి’ చిత్రం తరువాత జనం దానిని అరుంధతి బంగళాగానే పిలుస్తున్నారు. కల్పిత కథ కట్టడపు చరిత్రను కప్పివేయడం ఒక్క హైదరాబాదుకే పరిమితం కాదు.

7. చేతులు మారిన ఇల్లు – మారిన పేర్లు:

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో రొహిల్లాలు రెసిడెన్సీపై దాడిచేశారు. దాడి విఫలమైంది. మౌల్వీని అండమానుకు పంపారు, తుర్రేబాజ్ ఖాన్ కాల్పులలో చనిపోయాడు. ఆ తరువాత రెసిడెన్సీ రక్షణ గోడలను పటిష్ఠం చేశారు. అంతవరకు తోట నడుమ ప్రభువు ఇల్లుగా కనబడిన భవనం కోట లక్షణాన్ని తెచ్చుకున్నది. తన కింది జనాన్ని చూసి భయపడిన గడికి అది అప్పుడు నిజంగా దగ్గరైంది.

స్వాతంత్ర్యానంతరం 1949లో ఈ ప్రాంగణంలోకి ఉస్మానియా విశ్వవిద్యాలయ మహిళా కళాశాల వచ్చింది. ఇంటి ముఖభాగం చూడని బేగం కథ చెప్పుకునే చోట వేలాది విద్యార్థినులు ఆ మెట్లమీద నడిచారు. ఆ కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. పాలకుర్తిలో తాను సాగుచేసిన భూమి కోసం, పండించిన పంట కోసం విసునూరు దేశముఖును ఎదిరించిన స్త్రీ ఆమె. పాత దర్బారు హాలు ఎన్నడూ ఎరుగని కౌలుదారు పేరు ఇప్పుడు ఆ ప్రాంగణానికే వచ్చింది.

పేర్ల విషయంలో మరో రెండు అంశాలు గమనించదగినవి. ‘కోఠి’ అంటే ఉర్దూలో పెద్ద భవనం. రెసిడెంటు ఇంటినిబట్టి ఆ ప్రాంతానికే ఆ పేరు స్థిరపడింది. ఇల్లు ఊరికి పేరైంది. దత్తమండలాల ప్రజలు ఇందుకు విరుద్ధమైన పని చేశారు. ‘దత్త’ అనే మాటలో తమను ఎవరో ఎవరికో ఇచ్చారన్న అవమానం ఉన్నదని భావించి, 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన ఆంధ్రమహాసభ సందర్భంలో చిలుకూరి నారాయణరావు సూచించిన ‘రాయలసీమ’ అనే పేరును స్వీకరించారు. ఒప్పందం పెట్టిన పేరు 128 సంవత్సరాల తరువాత నంద్యాలలో తొలగింది. మిడుతూరు వంటి ఊళ్లకు రెసిడెన్సీ చరిత్రలో ఉన్న స్థానం ఈ పేరు మార్పులోనే ఉంది.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• రెసిడెన్సీ పల్లాడియన్ శైలిలోని ఇంగ్లీషు గ్రామీణ గృహాన్ని ఆకృతిలో అనుసరించినా, మేనర్‌కు మూలమైన భూసంబంధం దానికి లేదు. ఆ భూమి ఒప్పందం ద్వారా వేరొక సీమలో లభించింది.

• తెలుగు నేలపై మేనర్‌కు సామాజికంగా సమానమైనవి గడి, పాళెగాని కోట. రెసిడెన్సీ వాటికి పైన నిలిచిన, రైతుకు కనబడని అధికారానికి ముఖభాగం.

• నక్షా కథను నిజాం అమాయకత్వంగా కాక, వరుసగా భూములు పోగొట్టుకున్న పాలకుని అనుభవంగా చదవడానికి చారిత్రక ఆధారం ఉంది.

• ప్రేమగాథగా చేసిన పఠనం మానవీయమైనదే అయినా, అప్పగింతకు గురైన ప్రజలను చిత్రం నుంచి తప్పిస్తుంది.

• ఐలమ్మ పేరు, రాయలసీమ పేరు రెండూ ఈ భవన చరిత్రకు ఆలస్యంగా వచ్చిన సమాధానాలు.

ఇటీవలి సంవత్సరాలలో ఈ భవనానికి జరిగిన పునరుద్ధరణ హర్షణీయం. సున్నపు గచ్చు, చెక్కపని, దర్బారు హాలు తిరిగి వెలుగు చూడడం వాస్తుప్రియులకు సంతోషం కలిగించే విషయం. అయితే పునరుద్ధరణ గోడలతో ముగియరాదు. సందర్శకునికి చెప్పే కథలో కిర్క్‌ప్యాట్రిక్, ఖైరున్నిసాల పేర్ల సరసన 1800 ఒప్పందపు తేదీ, అప్పగించిన సీమల పటం, సున్నం నూరిన పనివారి ప్రస్తావన కూడా చేరాలి. ఆ పటం ఎంత పెద్ద కాగితంపై ఉన్నా ఇప్పుడు ఎవరూ అభ్యంతరపెట్టరు.